ఉరిశిక్ష చరిత్ర – 9వ భాగం: హతుల ఇంటివాళ్లు ఏమడిగారు?

గత భాగంలో 1980 నాటి బచన్ సింగ్ తీర్పు గురించి చెప్పుకున్నాం. హత్యకు యావజ్జీవ ఖైదే మామూలు శిక్ష అనీ, ఉరి అత్యంత అరుదైన కేసులకు మాత్రమే అనీ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 4–1 మెజారిటీతో చెప్పిన తీర్పు అది. నేరాన్నీ తూచండి, నేరస్తుణ్నీ తూచండి అని అది జడ్జీలకు చెప్పింది. చనిపోయిన మనిషి ఇంటివాళ్ల మాటకు ఆ తూకంలో ఎంత బరువివ్వాలో చెప్పలేదు.

మన చట్టంలో హత్య కేసు ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య నడిచే వ్యాజ్యం. బోనులో ముద్దాయి ఉంటాడు, ఎదురుగా పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉంటాడు, పైన జడ్జి ఉంటాడు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలైనా, బిడ్డను పోగొట్టుకున్న తండ్రైనా సాక్షిగా పిలిస్తే వెళ్లి చెప్పాలి, లేకపోతే వెనక బెంచీ మీద కూర్చోవాలి. హత్య రాజీకి వీల్లేని నేరం. ఆ ఇంటివాళ్లు క్షమించామన్నా కేసు ఆగదు, ఉరి తీయమన్నా ఆ మాటకే శిక్ష పెరగదు.

అయినా ఉరిశిక్ష మీద వాదన లేచిన ప్రతిసారీ ముందుగా వినిపించేది వాళ్ల పేరే. ఉరి కావాలనేవారు 'మీ ఇంట్లో జరిగితే తెలిసేది' అంటారు. వద్దనేవారు 'ఫలానా తల్లి క్షమించింది, మీరూ క్షమించండి' అంటారు. మరి ఆ ఇంటివాళ్లు నిజంగా ఏమడిగారు? అడిగింది ఎవరు విన్నారు? స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్న మొదట ఎదురైంది గాంధీ ఇంట్లోనే.

చితికి నిప్పు పెట్టిన కొడుకు

1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీ బిర్లా హౌస్ తోటలో ప్రార్థనకు నడిచి వెళ్తున్న గాంధీ మీద నాథూరాం గాడ్సే మూడుసార్లు కాల్పులు జరిపాడు. మర్నాడు యమున ఒడ్డున చితికి నిప్పు పెట్టింది మూడో కొడుకు రాందాస్. పెద్దవాడు హరిలాల్ ఎన్నో ఏళ్లుగా తండ్రికి దూరమైపోయాడు, ఆ ఏడాది జూన్‌లోనే కన్నుమూశాడు. రెండోవాడు మణిలాల్ దక్షిణాఫ్రికాలో ఫీనిక్స్ ఆశ్రమాన్నీ, తండ్రి మొదలుపెట్టిన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికనూ నడుపుతున్నాడు. చిన్నవాడు దేవదాస్ ఢిల్లీలో 'హిందూస్థాన్ టైమ్స్' సంపాదకుడు. ఆయన భార్య లక్ష్మి చక్రవర్తి రాజగోపాలాచారి కూతురు.

ఈ చుట్టరికాన్ని గుర్తుపెట్టుకోవాలి. రాజాజీ గాంధీకి వియ్యంకుడు. 1948 జూన్‌లో ఆయన గవర్నర్ జనరల్ అయ్యారు. ఉరిశిక్షను తగ్గించే అధికారం ఆయన చేతికి వచ్చింది.

ఎర్రకోటలో ప్రత్యేక న్యాయమూర్తి ఆత్మచరణ్ ముందు విచారణ జరిగింది. 1949 ఫిబ్రవరి 10న తీర్పు వచ్చింది. గాడ్సేకూ నారాయణ్ ఆప్టేకూ ఉరి పడింది, ఐదుగురికి యావజ్జీవం పడింది, సావర్కర్ నిర్దోషిగా బయటికొచ్చారు. అప్పీలు సిమ్లాలో తూర్పు పంజాబ్ హైకోర్టు ముందుకు వెళ్లింది. గాడ్సే తాను చంపానన్న విషయం మీద అప్పీలు చేసుకోలేదు. కుట్ర ఉందన్న నిర్ధారణ మీద మాత్రం తానే నిలబడి వాదించాడు. జూన్‌లో హైకోర్టు యావజ్జీవం పడ్డవారిలో ఇద్దరిని విడిచిపెట్టి, రెండు ఉరిశిక్షల్నీ ఖరారు చేసింది.

అప్పుడు మణిలాల్, రాందాస్ ఇద్దరూ తమ తండ్రిని చంపినవాళ్లను ఉరితీయవద్దని విన్నవించుకున్నారు. రాందాస్ జైల్లో ఉన్న గాడ్సేకు నేరుగా ఉత్తరం రాశాడు, గాడ్సే జవాబిచ్చాడు. కొడుకుల వాదనలో మెలికేమీ లేదు. ప్రాణం పోయలేని మనిషికి ప్రాణం తీసే హక్కు లేదని తమ తండ్రి బతికినన్నాళ్లూ నమ్మాడు, ఆయన పేరు మీద ఇద్దరిని ఉరితీయడం ఆయన నమ్మకానికే విరుద్ధం. అది కొడుకులు కల్పించిన మాట కాదు. హత్యకు పది రోజుల ముందు, జనవరి 20న, మదన్‌లాల్ పహ్వా ప్రార్థనా స్థలం దగ్గర బాంబు పేల్చాడు. మర్నాటి ప్రార్థన సభలోనే గాంధీ ఆ కుర్రవాడిని ద్వేషించవద్దని జనానికి చెప్పాడు. అతణ్ని వేధించవద్దని పోలీసులనూ కోరాడు.

కొడుకుల విన్నపాన్ని నెహ్రూ, పటేల్, రాజాజీ ముగ్గురూ తోసిపుచ్చారు. ముగ్గురూ గాంధీ శిష్యులే. వాళ్ల ముందున్న పరిస్థితిని కూడా మనం తలుచుకోవాలి. విభజన నెత్తురు ఇంకా ఆరలేదు. హత్య వెనక రాజకీయం ఉంది, కుట్ర ఉంది. ఆ హంతకుణ్ని వదిలేస్తే రేపు ఇంకెవరి మీద తుపాకీ లేస్తుందో అన్న భయం ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. 1949 నవంబర్ 15న అంబాలా జైల్లో గాడ్సేనూ ఆప్టేనూ ఉరితీశారు.

ఈ హత్య ఒక కుటుంబానికి మాత్రమే సంబంధించింది కాదన్నదే ఆ నిర్ణయంలో ఉన్న అర్థం. న్యాయసూత్రంగా అది నిలిచే మాటే. శిక్షను దేశం తరఫున ప్రభుత్వం వేస్తుంది, ఇంటివాళ్ల మనసును బట్టి అది పెరగకూడదు, తరగకూడదు. ఆ సూత్రాన్ని తర్వాతి డెబ్భై ఏళ్లలో అందరి విషయంలోనూ ఒకేలా పాటించామా లేదా అన్నదే ఈ భాగంలో మనం చూడాల్సింది.

గాంధీ హత్య కేసు అప్పీలు సిమ్లాలో నడుస్తున్న రోజుల్లోనే, 1949 జూన్ 3న, ఢిల్లీ రాజ్యాంగ సభలో ఉరిశిక్ష పడ్డవారికి సుప్రీంకోర్టులో అప్పీలు హక్కు ఉండాలా అన్న చర్చ వచ్చింది. అంబేద్కర్ లేచి, అంతకంటే ఉరిశిక్షనే రద్దు చేయడం తనకు సమ్మతమన్నారు. అహింసను నైతిక ఆదర్శంగా ఒప్పుకునే దేశానికి అదే తగినదని ఆయన అభిప్రాయం. సభ ఆ దారి పట్టలేదు. అంబాలా ఉరి జరిగిన పదకొండో రోజున, నవంబర్ 26న, రాజ్యాంగాన్ని ఆమోదించారు. క్షమాభిక్ష అధికారం 72వ అధికరణంలో రాష్ట్రపతికీ, 161లో గవర్నర్‌కూ దక్కింది. హతుల ఇంటివాళ్ల మాట వినాలని గానీ, వినకూడదని గానీ ఆ అధికరణాల్లో లేదు.

దేవదాస్, లక్ష్మి దంపతుల కొడుకు గోపాలకృష్ణ గాంధీ. హతుడు ఆయనకు తాతయ్య, క్షమాభిక్షకు ఒప్పుకోని గవర్నర్ జనరల్ కూడా తాతయ్యే. 2016లో ఆయన ఉరిశిక్షను రద్దు చేయాలని వాదిస్తూ ఒక పుస్తకం రాశారు.

శ్రీపెరుంబుదూర్: ఒకే పేలుడు, రెండు మాటలు

1991 మే 21 రాత్రి తమిళనాడులోని శ్రీపెరుంబుదూర్‌లో ఆత్మాహుతి బాంబు రాజీవ్ గాంధీని బలి తీసుకుంది. ఆయనతోపాటు అక్కడ విధుల్లో ఉన్న పోలీసులూ, సభకు వచ్చిన మామూలు మనుషులూ చనిపోయారు. 1998 జనవరిలో టాడా కోర్టు 26 మంది ముద్దాయిలందరికీ ఉరి వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు 19 మందిని విడిచిపెట్టింది, ముగ్గురికి యావజ్జీవం వేసింది, నళిని, మురుగన్, శాంతన్, పెరారివాలన్ అనే నలుగురికి ఉరి ఖాయం చేసింది. నళిని విషయంలో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరైన కె.టి.థామస్ యావజ్జీవం చాలన్నారు.

అప్పుడు రాజీవ్ భార్య సోనియా గాంధీ రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్‌ను కలిశారు. తనకు గానీ తన పిల్లలకు గానీ ఆ నలుగురినీ ఉరితీయాలని లేదని చెప్పారు. నళినికి జైల్లోనే ఆడపిల్ల పుట్టింది. తల్లినీ, తండ్రి మురుగన్‌నూ ఉరితీస్తే ఆ పసిబిడ్డ అనాథ అవుతుంది. తన పిల్లలు తండ్రిని పోగొట్టుకున్న బాధ తెలిసిన తల్లి, మరో పిల్లకు ఆ గతి పట్టకూడదంది. 2000 ఏప్రిల్‌లో కరుణానిధి మంత్రివర్గం సిఫార్సు మీద గవర్నర్ ఫాతిమా బీవీ నళిని ఉరిని యావజ్జీవంగా మార్చారు. 2008 మార్చిలో సోనియా కూతురు ప్రియాంక వేలూరు జైలుకు వెళ్లి నళినిని కలిసి మాట్లాడారు.

మిగతా ముగ్గురికీ ఈ కరుణ అందడానికి చాలా ఏళ్లు పట్టింది. వాళ్ల క్షమాభిక్ష పిటిషన్లు రాష్ట్రపతి భవన్‌లో 11 ఏళ్లు మగ్గాయి. 2011లో తిరస్కరించి, సెప్టెంబర్ 9న ఉరి అని తేదీ కూడా పెట్టారు. మద్రాసు హైకోర్టు ఆపింది. 2014 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఆ జాప్యాన్నే కారణంగా చూపి ముగ్గురి శిక్షనూ యావజ్జీవంగా మార్చింది. ఈలోగా, 2013లో, పెరారివాలన్ వాంగ్మూలాన్ని నమోదు చేసిన సీబీఐ అధికారే అతని మాటల్ని ఉన్నదున్నట్టు రాయలేదని ఒప్పుకున్నారు. 2011లోనే ఉరి జరిగిపోయి ఉంటే ఆ ఒప్పుకోలు ఎవరికి పనికొచ్చేది?

పెరారివాలన్ 2022 మే 18న, మిగిలిన ఆరుగురూ ఆ ఏడాది నవంబర్ 11 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుతో విడుదలయ్యారు. అప్పుడు కాంగ్రెస్ పార్టీ ఆ విడుదలను తప్పుపట్టింది. ఈ విషయంలో సోనియా గాంధీ అభిప్రాయంతో పార్టీ ఏకీభవించడం లేదని కూడా చెప్పింది. భార్యాపిల్లలు ఒకటి కోరుకున్నారు, భర్త నడిపిన పార్టీ ఇంకొకటి కోరుకుంది.

ఇక్కడ మనం తరచూ మరిచిపోయే ఇళ్లు మరికొన్ని ఉన్నాయి. అదే పేలుడులో తమవారిని పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలు దోషుల విడుదలను అడ్డుకోమని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వాళ్ల ఇళ్లకు రాష్ట్రపతి భవన్ గడప దొరకలేదు, వాళ్ల మాట పత్రికల మొదటి పేజీలో పడలేదు. ఢిల్లీలోని ఒక ఇల్లు క్షమించింది, తమిళనాడులోని కొన్ని ఇళ్లు క్షమించలేదు. ఇంటివాళ్ల మాట ప్రకారమే శిక్ష వేయాలంటే, వీళ్లలో ఎవరి మాట వినాలి?

సోనియా అడిగిన నాటికి దేశం మరో ఇల్లాలి మాటా విని ఉంది. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ గుంపు సజీవదహనం చేసింది. గ్రాహం భార్య గ్లాడిస్, కూతురు ఎస్తేర్ మిగిలారు. హంతకులను క్షమించానని గ్లాడిస్ ప్రకటించింది. బరిపదలో భర్త నడిపిన కుష్ఠురోగుల ఆశ్రమాన్ని వదలకుండా అక్కడే ఉండి పనిచేసింది. 2003లో కింది కోర్టు, గుంపును నడిపిన దారాసింగ్‌కు ఉరి వేసింది. 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖరారు చేసింది. గ్లాడిస్ క్షమ వల్ల విచారణ ఆగలేదు, ఆగాలని ఆమె అడగనూ లేదు. మనసులో కసి పెట్టుకోకపోవడం వేరు, చట్టం తన పని చేయడం వేరు అన్న తేడా ఆమెకు స్పష్టంగా తెలుసు.

పాటియాలా హౌస్ కోర్టులో ఇద్దరు తల్లులు

2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీ బస్సులో ఒక అమ్మాయి మీద జరిగిన సామూహిక అత్యాచారం, డిసెంబర్ 29న సింగపూర్ ఆసుపత్రిలో ఆ అమ్మాయి మరణం తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఏడేళ్లు ఆమె తల్లి ఆశాదేవి కోర్టుల చుట్టూ ఎలా తిరిగిందో చెప్పుకోవాలి. 2013 సెప్టెంబర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు నలుగురికి ఉరి వేసింది. 2014 మార్చిలో హైకోర్టు, 2017 మే 5న సుప్రీంకోర్టు ఖరారు చేశాయి. ఆ తర్వాత రివ్యూ పిటిషన్లు, క్యూరేటివ్ పిటిషన్లు, క్షమాభిక్ష పిటిషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఉరి తేదీ 2020 జనవరి 22 అన్నారు, ఫిబ్రవరి 1 అన్నారు, మార్చి 3 అన్నారు. ప్రతి తేదీకీ ఆమె సిద్ధపడింది, ప్రతిసారీ అది వాయిదా పడింది. చివరికి మార్చి 20 తెల్లవారుజామున 5:30కు తీహార్ జైల్లో ఉరి జరిగింది. ఆ రాత్రి కూడా సుప్రీంకోర్టు వాదనలు వింటూనే ఉంది.

2020 జనవరి 7న పాటియాలా హౌస్ కోర్టులో మొదటి డెత్ వారంట్ జారీ చేస్తున్న రోజు, దోషుల్లో ఒకడి తల్లి ఏడుస్తూ ఆశాదేవి దగ్గరికొచ్చి తన కొడుకును క్షమించమని వేడుకుంది. నాకూ ఒక కూతురుండేది, దానికి జరిగింది నేనెలా మరిచిపోతాను అని ఆశాదేవి అడిగింది. ఇద్దరూ పేద ఇళ్ల తల్లులే. వాళ్లలో ఒకామె బిడ్డ అప్పటికే లేదు. రెండో ఆమె బిడ్డ పోబోతున్నాడు.

ఆ నెలలోనే సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్, నళినిని క్షమించిన సోనియా గాంధీని ఆదర్శంగా తీసుకోమని ఆశాదేవిని బహిరంగంగా కోరారు. ఆశాదేవి మండిపడింది. తనకు ఆ సలహా ఇవ్వడానికి ఆమె ఎవరని నిలదీసింది.

ఇందిరా జైసింగ్ ఉద్దేశం మంచిదే, ఉరిశిక్షను వ్యతిరేకించే ఆమె వాదనా గౌరవించదగ్గదే. కానీ ఇక్కడ ఆశాదేవి కోపం న్యాయమైనదే. సోనియా క్షమ ఆమె సొంతం. దాన్ని చూపించి ఇంకో తల్లిని నువ్వూ క్షమించు అనడానికి ఎవరికీ హక్కు లేదు. ఉరి తప్పు అని వాదించాలంటే ప్రభుత్వంతో వాదించాలి, కోర్టుతో వాదించాలి, చట్టసభతో వాదించాలి. కూతురిని పోగొట్టుకున్న మనిషి నెత్తిన ఆ బరువు మోపకూడదు.

ఆశాదేవి ఎందుకు ఉరినే పట్టుకుందో ఆలోచిస్తే మన వ్యవస్థ గుట్టు బయటపడుతుంది. యావజ్జీవమంటే 14 ఏళ్లు గడిచాక బయటికొచ్చేస్తారన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. చట్టంలో 14 ఏళ్లన్నది శిక్ష తగ్గింపుకు ముందు కనీస గడువు మాత్రమే. కానీ ప్రభుత్వాలు ఎవరిని ఎప్పుడు వదులుతాయో ఇంటివాళ్లకు తెలియదు. శిక్ష తగ్గింపు లేని యావజ్జీవం వేసే అధికారం ఉన్నత న్యాయస్థానాలకు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది 2015 డిసెంబర్‌లో మాత్రమే. అది కూడా రాజీవ్ హత్య కేసు దోషుల విడుదల వివాదంలోంచే పుట్టిన తీర్పు. అంతకుముందు ఆ తల్లి కళ్లముందు రెండే దారులున్నాయి: ఉరి, లేదా ఎప్పుడో ఒకనాడు ఊళ్లో ఎదురుపడే హంతకుడు. బిడ్డ ప్రాణానికి ప్రభుత్వం కట్టే విలువను ఆమె ఉరితోనే కొలిచింది. కొలవడానికి ఆమె చేతికి మనం ఇంకేమీ ఇవ్వలేదు.

ఆమె కూతురి పేరు చెప్పి చట్టాన్ని మార్చినప్పుడు కూడా తేలిక దారే పట్టాం. 2013 జనవరి 23న జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్ష పెట్టమని అది సిఫార్సు చేయలేదు. పోలీసు సంస్కరణలు, వైద్య పరీక్షల తీరు, ఫిర్యాదు నమోదు చేయని అధికారులకు శిక్ష, ఇలాంటివి ఎన్నో చెప్పింది. ప్రభుత్వం ఆ ఏడాదే తెచ్చిన సవరణలో కొన్ని నేరాలకు మరణశిక్షను చేర్చింది. పోలీసు సంస్కరణలు కాగితాల్లోనే మిగిలాయి.

ఓక్లహోమా సిటీలో తండ్రి

ఈ చీలిక మన దేశానిదే కాదు. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనాన్ని బాంబుతో పేల్చేస్తే 168 మంది చనిపోయారు. వాళ్లలో 23 ఏళ్ల జూలీ ఒకరు. ఆమె తండ్రి బడ్ వెల్చ్ మొదట్లో హంతకుడు తిమోతీ మెక్‌వే చావాలనే కోరుకున్నాడు. తర్వాత మనసు మార్చుకుని, మరణశిక్షకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడాడు. మెక్‌వే తండ్రి ఇంటికి వెళ్లి కూర్చున్నాడు కూడా. 2001 జూన్ 11న మెక్‌వేకు విషపు ఇంజెక్షన్‌తో మరణశిక్ష అమలు చేస్తుంటే, బతికి బయటపడ్డవారూ మృతుల బంధువులూ కలిసి రెండు వందల మందికి పైగా ఓక్లహోమా సిటీలో టీవీ తెర మీద చూశారు. వాళ్లలో కొందరికి ఊరట దొరికింది, కొందరికి దొరకలేదు.

అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇంటివాళ్ల మాట విషయంలో అటూ ఇటూ ఊగింది. మరణశిక్ష కేసుల్లో కుటుంబం తన బాధను జ్యూరీకి చెప్పుకోకూడదని 1987లో చెప్పిన కోర్టే, నాలుగేళ్లకు, 1991లో, చెప్పుకోవచ్చని తన తీర్పును తానే మార్చుకుంది. మొదటి తీర్పులో ఉన్న భయం ఆలోచించదగ్గది. బాగా మాట్లాడగల కుటుంబం ఉన్నవాడి ప్రాణానికి ఎక్కువ విలువ, ఎవరూ లేనివాడి ప్రాణానికి తక్కువ విలువ వస్తే అది న్యాయమేనా?

మన నేల మీద

తెలుగునాట ఈ ప్రశ్న మూడు రూపాల్లో ఎదురైంది.

1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్తున్న ఆర్టీసీ బస్సులో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. ఇద్దరికీ ఉరి పడింది, 1996లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఉరి తేదీ పెట్టాక, 1997 మార్చిలో, చివరి గడియల్లో ఆగింది. తర్వాత ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. బాలగోపాల్, కన్నబిరాన్ వంటి హక్కుల కార్యకర్తలు ఉరికి వ్యతిరేకంగా గట్టిగా నిలబడ్డారు. పేదవాడికే ఉరి పడుతుందన్న వాళ్ల వాదన నిజం. ఆ ఉద్యమాన్ని గౌరవిస్తూనే ఒక మాట అడగాలి. శిక్ష పడ్డ ఇద్దరి పేర్లు మనలో చాలామందికి తెలుసు. కాలిపోయిన 23 మందిలో ఒక్కరి పేరైనా ఎంతమందికి తెలుసు? ఉరి వద్దనేవాళ్లు ముందుగా ఆ ఇళ్లకు వెళ్లి ఉండాల్సింది. ఉరి కావాలనేవాళ్లు కూడా తర్వాత ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతోందో కనుక్కుని ఉండాల్సింది.

రెండోది 2019 నవంబర్ 27న శంషాబాద్ దగ్గర జరిగిన, 'దిశ'గా పేరుపడ్డ పశువైద్యురాలి అత్యాచారం, హత్య. పది రోజులు తిరక్కముందే, డిసెంబర్ 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి దగ్గర పోలీసులు నలుగురు నిందితుల్ని కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. దిశ ఇంటివాళ్లు పోలీసులకు కృతజ్ఞత చెప్పారు, ఢిల్లీలో ఆశాదేవి కూడా స్వాగతించింది. ఏడేళ్లుగా కోర్టుల్లో అలసిపోయిన తల్లి అలా అనడంలో వింత లేదు. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. రాజీవ్ హత్య కేసు దర్యాప్తు నడిపిన డి.ఆర్.కార్తికేయన్ అందులో సభ్యుడు. 2022 మేలో బయటపెట్టిన నివేదికలో కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, పది మంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలనీ చెప్పింది. విచారణే జరగలేదు కనక ఆ రాత్రి ఏం జరిగిందో కోర్టులో సాక్ష్యంతో రుజువు కాలేదు. నిజం తెలుసుకునే హక్కు దిశ తల్లిదండ్రులకు అందరికంటే ముందుంది. ఆ హక్కును వాళ్ల పేరు మీదే కాల్చేశారు. నిందితుల్లో ఒకడి భార్య అప్పటికి గర్భవతి.

మూడోది మనవాళ్లకు దుబాయ్‌లో ఎదురైంది. గల్ఫ్ దేశాల చట్టాల్లో హతుడి కుటుంబం క్షమిస్తే శిక్ష తగ్గుతుంది. 2005లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతపు వలస కూలీలు అక్కడ జైలుపాలయ్యారు. సిరిసిల్ల ఎమ్మెల్యేగా కె.టి.రామారావు నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించి, క్షమాభిక్ష పత్రం తీసుకొచ్చారు. అయినా చివరిగా మిగిలినవాళ్లు ఇల్లు చేరడానికి 2024 దాకా పట్టింది. వాళ్లు తిరిగి రావడం ఆనందమే. కానీ ఆ పద్ధతిలో ఉన్న ప్రమాదాన్నీ గమనించాలి. డబ్బున్నవాడికి క్షమ దొరుకుతుంది, లేనివాడికి దొరకదు. బీద ఇంటి వితంతువు ముందు 15 లక్షలు పెట్టి క్షమిస్తావా అని అడిగితే, ఆమె ఇచ్చే జవాబు ఎంతవరకు స్వేచ్ఛగా ఇచ్చినదవుతుంది? హతుల ఇంటివాళ్ల చేతికే తాళం చెవి ఇచ్చే చట్టాలు వాళ్లను గౌరవిస్తున్నట్టే కనిపిస్తాయి గానీ, వాళ్లను బేరానికి కూర్చోబెడతాయి.

తేలిందేమిటి

గాంధీ కొడుకులు వద్దన్నా ఉరి జరిగింది. సోనియా వద్దంటే ఒకరికి వెంటనే తగ్గింది, ముగ్గురు ఇంకో పద్నాలుగేళ్లు ఉరి నీడలో ఉన్నారు. తమిళనాడు కుటుంబాలు విడవద్దన్నా విడుదల జరిగింది. ఆశాదేవి ఉరి అడిగింది, దేశమంతా ఆమె వెంట నిలిచింది, నాయకులూ నిలిచారు. తమ దారిలో ఉన్నప్పుడు ప్రభుత్వాలు ఇంటివాళ్ల మాటను నెత్తిన పెట్టుకున్నాయి. అడ్డొచ్చినప్పుడు చట్టం ముందు అందరూ సమానమన్నాయి. 1949లో నెహ్రూ ప్రభుత్వం చెప్పిన సూత్రం సరైనదే. శిక్షను దుఃఖం నిర్ణయించకూడదు. అలాగైతే ఉరి అడిగిన దుఃఖాన్ని కూడా ఉరికి సాక్ష్యంగా చూపించకూడదు.

హతుల ఇంటివాళ్లకు మనం బాకీ ఉన్నది వేరే ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, ఎవరు బెయిలు మీద బయటికొచ్చారో, ఎవరికి శిక్ష తగ్గించబోతున్నారో ముందుగా వాళ్లకు చెప్పాలి. చట్టం ఈ దారిలో కొన్ని అడుగులు వేసింది. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో బాధితులకు పరిహార పథకం వచ్చింది. ముద్దాయి విడుదలైతే అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీలుకు విడిగా అనుమతి అక్కర్లేదంది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆ హక్కుల్ని కొనసాగించింది. ఇవి ఊళ్లలో ఉన్న ఇళ్లకు ఇంకా పూర్తిగా తెలియవు. హత్య జరిగిన ప్రతి ఇంటికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ మనిషి వెళ్లి ఈ హక్కులు చెప్పాలి, పరిహారం దరఖాస్తు తానే పూర్తిచేయించాలి. విచారణ ఏళ్ల తరబడి సాగకూడదు. అరెస్టయినవాడే అసలు హంతకుడని నిర్ధారించే నిజాయితీ దర్యాప్తు జరగాలి. తప్పు మనిషిని ఉరితీస్తే ఆ ఇంటికి న్యాయం జరగలేదనే అర్థం, అసలువాడు బయటే ఉన్నాడు కనక.

ఉరిని నేను వ్యతిరేకిస్తాను. ఆ వ్యతిరేకతను ఏ తల్లి మీదా రుద్దను. ఉరి అడిగిన తల్లి క్రూరురాలు కాదు, క్షమించిన తల్లి దేవతా కాదు. ఇద్దరూ మన సాటి పౌరులు. మనం వాళ్ల కన్నీళ్లను మన వాదనలకు వాడుకోవడం మానాలి. వాళ్ల ఇళ్ల పట్ల మన బాధ్యతను తీర్చుకోవాలి.

(సశేషం)